మిగిలెడివారి కొరకు



గడచిన కార్తికమాసములో ఒకనాటి తెల్లవారుజామున, కాలువకు పోయి స్నానము చేయు ఓపిక ఉడిగినదని ఇంటిలోనే తలస్నానము ముగించుకొని, ప్రమిదలు కడిగి చేతబట్టుకొని, తులసికోట కడ దీపము పెట్టుటకై బయలుదేరిన మా యింటి యిల్లాలు స్నానాలగది గడప దగ్గర కాలుజారి పడెను. ఆ చప్పుడు నాకు వినబడలేదు. చెవులు మందగించిన నేను ప్రక్కగదిలో నిద్రించుచుంటిని. ఆమె పిలిచిన పిలుపులలో ఎన్నవ పిలుపు నన్ను మేలుకొలిపినదో నాకు నేటికిని తెలియదు. నేను వెళ్ళి చూచునప్పటికి తడి గచ్చుమీద, గోడకు చేరగిలబడి, ఒకచేత మోచేయి పట్టుకొని, విరుగని ప్రమిదను ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండెను. దైవకృపవలన ఎముక విరుగలేదు. కాలు జారితే తీసుకోవచ్చును గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు చెప్పిన సామెత వయసులో ఉన్నవారికి చెప్పినదనియు, డెబ్బది దాటినవారికి జారిన కాలును వెనుకకు తీసికొనుట సులభము కాదనియు నాకు ఆనాడు బోధపడినది.

పొద్దెక్కునప్పటికి ఫోనులు మ్రోగినవి. "అమ్మా, ఇంక చాలు. మీరిద్దరూ ఇక్కడికి వచ్చేయండి" అని అమెరికాలోని కుమారుడనెను. "నాన్నా, మేము లేమా? మా దగ్గరికి వచ్చేయండి" అని హైదరాబాదులోని కుమార్తె యనెను. ఇరువురి మాటలలోను ప్రేమకు కొదువ లేదు. కాని కుమారుని యింట ఒకమారు ఆరునెలలు ఉండి వచ్చినవారము కనుక, పగలెల్ల అందరును పనులకును బడులకును పోగా, కారు నడుప నేరనివారు గడప దాటి నాలుగడుగులు వేయుటకు వీలులేని యా యూరిలో, కిటికీ ప్రక్కన కూర్చుండి మంచు కురియుట చూచుచు గడపిన మధ్యాహ్నము లెంత దీర్ఘములో మేమెరుగుదుము. కుమార్తె యింట అత్తమామలు కలరు. వారికిని వార్ధక్యమే. అప్పుడు అల్లుడు, చెప్పవచ్చునో లేదో యని తడబడుచు, "మామయ్యగారూ, ఊరి బయట పెద్దవాళ్ళ కోసమే కట్టిన కాలనీ ఒకటుంది, ఒక్కసారి చూసి వద్దామా?" అని యడిగెను.

ఆ మాట విన్నంతనే నా మనస్సు చివుక్కుమనెను. వృద్ధాశ్రమ మను పదమునకు మన సంఘములో ఒక మచ్చ అంటుకొనియున్నది. బిడ్డలు వెళ్ళగొట్టినవారును, అసలు బిడ్డలే లేనివారును పోవుచోటని మన తలంపు. ఆశ్రమము వేరు, నేను నేడు ప్రసంగించుచున్న విశ్రాంత గ్రామము వేరు. మొదటిది నిరాశ్రయులైన వృద్ధుల కొరకు ధర్మసంస్థలును ప్రభుత్వమును నడపునట్టిది. 2007లో వెలువడిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము జిల్లాకు ఒకటి చొప్పుననైనను, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండునట్లు ఇట్టి నిలయములు నెలకొల్పుమని రాష్ట్రప్రభుత్వములకు చెప్పుచున్నది. రెండవది తమ సొమ్ము తాము వెచ్చించుకొని, తమ వంటి వయస్సువారి నడుమ, వంటయు ఊడ్పును వైద్యుని పిలుపును ఇతరులు చూచుకొనగా, తమ గదిలో తాము స్వతంత్రముగా జీవించుటకై పెద్దలు ఎన్నుకొనునట్టిది. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశములో అరువది దాటినవారు 10 కోట్ల 38 లక్షలు. కావున పెద్దతనమున ఎక్కడ నుండవలెనను ఈ ప్రశ్న మా ఒక్క యింటి గడపలోనే ఆగునది కాదు.

పెద్దతనమున ఇల్లు విడుచుట మన జాతికి క్రొత్తదియును కాదు. చర్మము ముడుతలుపడి, తల నెరసి, కొడుకునకు కొడుకు పుట్టుట చూచిన గృహస్థు వనమునకు పోవలెనని మనుధర్మశాస్త్రము విధించినది. వనములకు పోవుట అంతరించిన తరువాత కాశీవాసము మన పూర్వులకు వానప్రస్థమైనది. ఆస్తి పంచియిచ్చి, బిడ్డలవద్ద సెలవు పుచ్చుకొని, గంగయొడ్డున శేషజీవితము గడపుటకై తరలిపోయిన తెలుగువారి కథలు మన వంశములలో వెదకినచో ఇప్పటికిని దొరకును. కాశిలో మానససరోవర ఘట్టము చెంత నేటికిని ఆంధ్రాశ్రమ మున్నది. ఇక వృద్ధులకే ప్రత్యేకముగ ఊరు కట్టుట యను పద్ధతికి ఆధునిక కాలములో పేరు తెచ్చినది అమెరికాదేశము. ఆరిజోనా రాష్ట్రములో డెల్ వెబ్ అను నిర్మాత 1960 జనవరి 1వ తేదీన సన్ సిటీ యను పట్టణమును తెరచి, ఇండ్లతోపాటు అంగళ్ళను, ఆటస్థలములను, కూటశాలను ముందుగనే కట్టి చూపెను. మన దక్షిణదేశములో కోయంబత్తూరు ఇట్టి గ్రామములకు పేరెన్నికగన్నది. హైదరాబాదు శివారులందును ఇప్పుడివి వెలయుచున్నవి. బిడ్డలు సముద్రములు దాటుటయు, ఇంట ఆలుమగలిరువురును ఉద్యోగములకు పోవుటయు, మనుష్యుని ఆయువు పెరుగుటయు వీనికి కారణములు. ఇందులో ఎవరి నేరమును లేదు.

ఐనను వెళ్ళుటయా, మానుటయా? ఈ సందేహములో మునిగియున్న దినములలో, ఇంత జీవితము పాఠము చెప్పుకొని బ్రతికినవాడను గనుక, తిక్కన సోమయాజి భారతములోని ఆశ్రమవాస పర్వమును మరల తెరచితిని. యుద్ధానంతరము పదునైదేండ్లు ధర్మరాజు నీడన ధృతరాష్ట్రుడు గడపెను. ధర్మరాజు ఏలోటును రానీయలేదు. కాని భీముని సూటిపోటు మాటలు వృద్ధుని చెవిన పడుచునే యున్నవి. అతడు వనమునకు పోవ ననుజ్ఞ యడిగెను. ధర్మరాజు శోకించెను, వలదని బ్రతిమాలెను. వ్యాసుడు వచ్చి చెప్పిన పిమ్మట గాని సమ్మతింపలేదు. కార్తిక పూర్ణిమనాడు వారు హస్తినాపురము వెడలిరి. ఆ వెడలిన తీరు చూడుడు: ముందు కుంతి నడచుచున్నది, ఆమె భుజముమీద కన్నులకు గంతకట్టుకొనిన గాంధారి చేయి, గాంధారి భుజముమీద పుట్టుచీకటిలోని ధృతరాష్ట్రుని చేయి. కుంతి సాగనంప వచ్చినదని కుమారు లనుకొనిరి. ఆమె మరలలేదు. గెలిచిన కుమారులు, నిండిన భాండారములు, కొలుచు కోడండ్రు—అన్నియు నుండగా, భర్త గతించి ఏండ్లు పూండ్లు గడచిన యా తల్లి, పాండవు లెంత యేడ్చినను వినక, తాను వారితోనే యుండెద నని నిశ్చయించుకొనెను. ఆమెను వెళ్ళుమన్నవారు లేరు. భుజమున ఇంకను బలమున్న దినముననే, తన భుజము మరియొకరికి ఆసరా కాగల దినముననే, ఆమె కదలినది. నేను విద్యార్థులకు ముప్పదియేండ్లు ఈ కథ చెప్పితిని గాని, ఈ నడక యొక్క అర్థము నాకు డెబ్బదిమూడవ యేట గాని పట్టుబడలేదు.

ఆ రాత్రి కట్టుకట్టిన మోచేతిని దిండుమీద ఆనించుకొని మా యామె, "ఏమండీ, ఒక్కమాట అడుగుతాను, అపశకునం అనుకోకండి. మీరు పోయిన మర్నాడు నేను ఎక్కడ ఉంటాను?" అని యడిగెను. నేను మాటాడలేదు. ఆమె మరల, "పోనీ, నేనే ముందు పోయాను. అప్పుడు మీకు పొద్దున్నే కాఫీ ఎవరిస్తారు? బి.పి. మాత్ర ఏ డబ్బాలో ఉందో మీకు తెలుసా?" అనెను. నాకు తెలియదు. నలుబదియెనిమిది సంవత్సరములు ఆ యింట ఉండియు ఏ వస్తువు ఏ యరలో నున్నదో తెలిసికొనకపోతిని గదా యని, ఆమె చేసిన పనిని చూడకుండ ఇంతకాలము గడపితిని గదా యని, నా మనస్సు మిక్కిలి నొచ్చుకొన్నది.

శ్రోతలారా, నేడు మీకు చెప్పదలచిన విషయమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. దంపతులు ఈ నిర్ణయమునకు కూర్చున్నప్పుడు "మన మిద్దరము అక్కడ ఉండగలమా?" యని యడుగుకొందురు. ఇద్దరున్నచోట ఎక్కడనైనను ఉండవచ్చును. పాతయింట గచ్చు పగిలినను, పనిమనిషి రాకున్నను, ఒకరి కొకరు తోడు. అడుగవలసినది "మనలో మిగిలినవారు అక్కడ ఉండగలరా?" యని. ఇద్దరుండగా, మిగిలెడి యొక్కరి కొరకు, ఇద్దరి బుద్ధితోను చేయవలసిన నిర్ణయమిది. ఒకరు పోయిన దుఃఖములో రెండవవారి తరఫున బిడ్డలు పదునాలుగు దినములలో చేయు నిర్ణయము ఎంత ప్రేమతో కూడినదైనను, అది పంపుటయే యగును గాని వెళ్ళుట కానేరదు. భార్య భర్తకంటె చిన్నదగుట మన దేశాచారము గనుక, సాధారణముగ మిగిలెడిది ఆమెయే. కావున ఈ విషయమున మొదటిమాటయు తుదిమాటయు ఆమెదిగా నుండుట న్యాయము.

ఈ యొక్క ప్రశ్నను దీపముగా పట్టుకొని చూచినచో తక్కిన సంగతు లన్నియు తమంత తామే తేటపడును. ధనము సంగతి చూతము. పాతపద్ధతిలో పింఛను పొందు నావంటి ప్రభుత్వోద్యోగికి పూర్తి సేవకు వచ్చునది చివరి మూలవేతనములో సగము. నా వయస్సున నేను గతించినచో నా భార్యకు వచ్చెడి కుటుంబ పింఛను ఆ మూలవేతనములో నూటికి 30 వంతులు. అనగా చివరి మూలవేతనము 60,000 రూపాయలైనచో, నేనున్నంతకాలము 30,000, నా తరువాత 18,000. కరువుభత్యము రెంటికిని వాని వాని పాళ్ళలో చేరును. కాని ఇద్దరిలో ఒకరు తగ్గినంత మాత్రమున గ్రామములో కట్టవలసిన సొమ్ము సగము కాదు. భోజనపు పద్దు తగ్గును గాని, గదికిని కాపలాకును దీపములకును కట్టు మెయింటెనెన్సు తగ్గదు. మరియు ఆ సొమ్ము ఏటేటను పెరుగునది. ఏటికి నూటికి ఆరు వంతున పెరుగునది పండ్రెండేండ్లలో రెట్టింపగును. నేడు 25,000 అయినది నాటికి 50,000. డెబ్బదియేండ్ల స్త్రీకి పండ్రెండేండ్లు అసాధ్యమైన కాలము కాదు. కావున నేటి మన యిద్దరి ఆదాయముతో కాక, నాటి ఆ యొక్కరి ఆదాయముతో లెక్కవేయవలెను. ఆ లెక్క కుదురనిచో, ఎంత అందమైన తోటయున్నను ఆ గ్రామము మనది కాదు.

పిమ్మట పత్రము. ఇట్టి గ్రామములలో చోటు మూడు విధముల దొరకుచున్నది: ఇల్లు కొనుట, దీర్ఘకాలమునకు లీజు తీసికొనుట, డిపాజిట్టు కట్టి నెలనెల అద్దెవలె చెల్లించుట. కొనుటలో యాజమాన్య మున్నది. కాని పలుచోట్ల ఆ యిల్లు మరల అమ్మవలెనన్న 55 లేక 60 ఏండ్లు దాటినవారికే అమ్మవలెనను నియమముండును. మన తరువాత అది బిడ్డలకు సంక్రమించును గాని, వారికా వయస్సు రానంతకాలము వారచ్చట కాపురముండ వీలులేదు. అమ్ముడుపోవువరకు మెయింటెనెన్సు తప్పదు. డిపాజిట్టులో తిరిగివచ్చున దెంత, కోతపడున దెంత, ఎన్ని దినములలో తిరిగి యిత్తురు అను మాటలు అక్షరములలో నుండవలెను. పత్రము ఇరువురి పేర ఉన్నదా? ఒకరు గతించినచో రెండవవారు క్రొత్త డిపాజిట్టు లేకుండ, అదే గదిలో, అదే హక్కుతో ఉండవచ్చునా? ఈ ప్రశ్నకు నోటిమాటగా "అలాగేనండీ" యని చెప్పినవారిని, ఆ మాటనే కాగితముమీద పెట్టుమని యడుగుడు. కట్టినవా రొకరు, నడపువారు వేరొకరు అగుట తరచు. నడపు సంస్థ విడిచిపోయినచో వంటశాలయు నర్సును ఎవరి బాధ్యత? క్రొత్తగా కట్టుచున్న గ్రామమైనచో 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము క్రింద రెరాలో నమోదైనదో లేదో చూచుకొనవలెను. చక్రముల కుర్చీ పట్టు ద్వారములు, జారని గచ్చు, పట్టుకొను కడ్డీలు, లిఫ్టు, ఆపదలో మ్రోగించు గంట మొదలగు ఏర్పాటులతో విశ్రాంత గృహములు ఎట్లుండవలెనో కేంద్రప్రభుత్వము 2019లో నమూనా మార్గదర్శకములు ప్రకటించినది. అవి నమూనాలే గనుక, చూడవలసిన కన్ను మనది.

మూడవది అనారోగ్యము. ఈ గ్రామములలో పెక్కు, తమ పని తాము చేసికొనగల పెద్దలను తలచి కట్టినవి. లేచి తిరుగుచున్నంతకాలము అంతయు బాగుండును. మంచాన పడినచో ఏమి? మతిమరుపు ముదిరి, తన గది తాను గుర్తింపలేని స్థితి వచ్చినచో ఏమి? అచ్చటనే ఉంచి ఆయాను ఏర్పాటు చేయుదురా, వేరొకచోటికి కొనిపొమ్మని బిడ్డలకు కబురు చేయుదురా? ఆయాకు వేరుగ కట్టవలసిన దెంత? అర్ధరాత్రి గుండె పట్టుకొనినచో అంబులెన్సు ఎన్ని నిమిషములలో వచ్చును, ఆసుపత్రి ఎన్ని మైళ్ళు? ఇద్దరుండగా ఒకరి కొకరు నర్సు; మిగిలినవారికి గోడమీది గంట తాడే దిక్కు. కావున గ్రామము చూడబోయిననాడు పూలమొక్కలను తరువాత చూడవచ్చును. ముందుగా ఆ తాడు లాగి, ఎవరు వత్తురో, ఎంతసేపటికి వత్తురో గడియారము చేతబట్టుకొని చూడుడు. నేనట్లు చేసితిని. వచ్చిన అమ్మాయికి క్షమాపణ చెప్పుకొంటిని. ఆమె నవ్వి, "ఫరవాలేదు తాతగారూ, అందరూ ఒకసారి లాగుతారు" అనెను.

నాలుగవది పాత యిల్లు. అమ్మి, ఆ సొమ్ము తెచ్చి ఇందులో పోయుదమను తొందర కూడదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అనిరి. కట్టిన యిల్లు విడుచుట ఆ రెంటికంటె తక్కువ పని కాదు. కనీసము రెండేండ్లు దానిని అద్దెకిచ్చి, తిరిగిపోవు త్రోవ తెరచియుంచుకొనుట మేలు. ఇక బిడ్డల పేర వ్రాసి నిశ్చింతగా పోవుదమనువారు ఒక సంగతి నెరుగవలెను. 2007 చట్టములోని 23వ సెక్షను ప్రకారము, తనను పోషింపవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చిన వృద్ధుడు, పుచ్చుకొనినవారు ఆ షరతు తప్పినచో, ఆర్డీవో అధ్యక్షతన నుండు ట్రిబ్యునలులో ఆ దస్తావేజును రద్దుచేయించుకొనవచ్చును. ఐతే అట్టి షరతు ఉన్నదని చూపవలెనని 2022లో సర్వోన్నత న్యాయస్థానము ఒక తీర్పున చెప్పినది. కావున వ్రాయువారు షరతును దస్తావేజులోనే వ్రాయించుకొనవలెను. ఇది బిడ్డలమీద అపనమ్మకముచేత చెప్పునది కాదు. తండ్రి గతించిన తరువాత తల్లి యొకతె, కన్నబిడ్డల యెదుట చేయిచాపు దినము రాకుండుటకై తండ్రి చేయవలసిన విధి.

ఇన్ని చెప్పితినని, అందరును ఇల్లు విడిచిపొండని నా యుపదేశము కాదు. ఇరుగుపొరుగు బలముగ నున్నచోట, మిగిలినవారి గుమ్మములో ప్రొద్దుట ముగ్గు పడకున్నచో ఎదురింటివారు వచ్చి తలుపు తట్టునట్టి వీథిలో, ఉన్న యిల్లే ఉత్తమమైన గ్రామము. అట్టివారు చేయవలసినదియు నిర్ణయమే. స్నానాలగదిలో కడ్డీలు వేయించి, గచ్చు మార్చి, లోపలి గడియ తీసివేయించి, తాళపుచెవి యొకటి పొరుగింట నుంచి, వంటమనిషిని ఇద్దరుండగనే కుదిర్చి, పింఛను పుస్తకము, బ్యాంకు కాగితములు, మందుల చీటీలు ఎక్కడ నున్నవో ఇరువురును తెలిసికొనియుండవలెను. వృద్ధుల సహాయమునకై దేశమంతటను పనిచేయు 14567 అను ఫోను సంఖ్యను పెద్ద అంకెలతో గోడమీద వ్రాసియుంచవలెను. ఉండుటయైనను తెలిసి యుండుట కావలెను. తేల్చుకొనలేక ఉండిపోవుట వేరు.

వెళ్ళదలచినవారు మాత్రము బిడ్డలకు నేరము అంటకుండ వెళ్ళవలెను. ధృతరాష్ట్రుడంతటివాడు అనుజ్ఞ యడిగి పోయెను. "మిమ్మల్ని పంపేశామని ఊరంతా అనుకుంటుంది నాన్నా" అని నా కుమారుడు ఫోనులో గొంతు పూడుకొనిపోగా అనెను. "మేము వెళుతున్నామని నేనే ఊరంతటికీ చెబుతానురా" అంటిని. ఆ మాట చెల్లించుకొనుట కూడ ఈ ప్రసంగమున కొక కారణము.

మేము వైశాఖమాసమున నెలదినములు అతిథులముగ ఒక గ్రామములో నుండి చూచితిమి. ఒక్కపూట చూచి నిర్ణయించుట పెండ్లిచూపులలో కాపురమును తేల్చుట వంటిది. నెలదినము లుండనిడు చోటు వెదకుకొనుడు. మొదటి వారము మా యామె గదిలోనుండి కదలలేదు. వంటలో ఉప్పు తక్కువ. నూరుమందికి వండువారు రక్తపుపోటు గలవారిని తలచి వండుదురు. ఇంటినుండి తెచ్చుకొన్న చిన్న జాడీలోని ఆవకాయ తుదకు వచ్చుచున్నది. ప్రతి వేసవిలోను ఇరువది కాయలు కొట్టించి, కొడుకునకును కూతురునకును పొట్లములు కట్టిన చేయి, ఈ వేసవిలో ఊరకుండవలసివచ్చెనే యని ఆమెకు దిగులు. రెండవ వారమున ఒక ఉదయము వెనుక వసారాలో చప్పుడైనది. పోయి చూడగా పదునైదుమంది స్త్రీలు, ఒకరు కాయలు తుడుచుచు, ఒకరు టెంకలోని జీడి తీయుచు, ఒకరు ఆవపిండి జల్లించుచు, వాదించుచుండిరి. గుంటూరు ఆమె వెల్లుల్లి లేనిదే ఆవకాయ కాదనును. గోదావరి ఆమె అది కూడదనును. వరంగల్లు ఆమె అల్లమును వెల్లుల్లియు నూరి కలుపవలెననును. మా యామె కొంగు భుజముమీద కప్పుకొని చాలసేపు స్తంభము ప్రక్కన నిలుచుండెను. ఇంతలో ఒకామె, "అక్కయ్యగారూ, మీరు చెప్పండి, నూనె సరిపోయిందా?" అని గరిటె చేతికిచ్చెను. ఆమె కూర్చుండెను.

నాలుగవ వారమున నాకు జ్వరము తగిలెను. లేవలేకపోతిని. అంతవరకు భోజనశాలకు ఎప్పుడును ఇద్దరమే పోయెడివారము. నేను ముందు, ఆమె వెనుక. ఆ రాత్రి ఆమె క్యారియరు తీసికొని యొంటరిగ పోయెను. పది నిమిషములలో రావలసినది అరగంటకును రాలేదు. చీకటిపడుచున్నది. మెట్లు, తడి గచ్చు, కార్తికమాసపు తెల్లవారుజాము—అన్నియు మనస్సున మెదలగా, మెల్లగ లేచి కిటికీ చెంతకు పోయి నిలుచుంటిని.

దీపస్తంభముల వెలుగున మా యామె వచ్చుచుండెను. ఒకచేత క్యారియరు. ఆమె భుజముమీద మరియొక చేయి యున్నది. కంట శుక్లములు ముదిరి రాత్రివేళ త్రోవ తెలియని ప్రక్కగది వదినగారు, ఆ భుజము పట్టుకొని, ఒక్కొక్క యడుగు చూచి వేయుచు వెంట నడచుచుండెను. "ఇక్కడ మెట్టుంది వదినా, చిన్నది" అని మా యామె చెప్పుట నా మందచెవులకు సైతము వినబడెను. వారిని వారి గదిలో దిగవిడిచి, వచ్చి, క్యారియరు మూత తీసి చారన్నము కలుపుచు, "ఆలస్యమైంది, భయపడ్డారా?" యని యడిగెను. లేదంటిని.

మరునాడు పత్రము తెప్పించితిమి. ఇరువురి పేర వ్రాయించి, నేను కలము తీసి, మొదటి సంతకము ఆమెచేత పెట్టించితిని.